క్లైంబింగ్ గ్రూపులో రాజకీయ గొడవలు: నిషేధం పెట్టాలా, వదిలేయాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను. మీ రాక్ క్లైంబింగ్ గ్రూపులో, అంటే కొండరాళ్లు ఎక్కేవాళ్ల గ్రూపులో, నూట యాభై మంది దాకా ఉన్నారు. వారాంతపు ప్లాన్లు, రూట్ల (రాయి ఎక్కే దారుల) సమాచారం, పాత సామాను అమ్మకాలు అన్నీ ఒకే మెసేజ్ గ్రూపులో నడుస్తున్నాయి. ఎన్నికల వేడి మొదలైనప్పటి నుంచి ఏ మాట ఎత్తినా చివరికి పార్టీల దగ్గరే తేలుతోంది. ఇద్దరు సీనియర్లు మాట్లాడుకోవడం మానేశారు. రాజకీయాలు మొత్తం నిషేధించమని సగం మంది, అది నోరు నొక్కేయడమేనని మిగతా సగం. ఏం చేయాలన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, మొత్తం నిషేధం పెట్టకండి. మొత్తం వదిలేయనూ వద్దు. రాతికి సంబంధించిన రాజకీయాన్ని ఉంచండి, కానీ దానికి ఒక పద్ధతి పెట్టండి. రాతితో సంబంధం లేని పార్టీ గొడవను బయటికి పంపండి. ఈ రెంటికన్నా ముందు ఇంకో పని ఉంది: ప్రాణాలకు సంబంధించిన సమాచారం ఏ గొడవా తాకని చోటుకి చేర్చండి. మూడో పని ఈ రాత్రే చేయొచ్చు. మొదటి రెండింటికి నెల పడుతుంది.

ఇక కారణాలు.

"మనం ఎక్కడానికి వచ్చాం, రాజకీయాలు మనకెందుకు" అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ ప్రతి రాయీ ఎవరిదో ఒకరి భూమిలోనే ఉంటుంది. అది ప్రభుత్వానిది కావచ్చు, ఒక రైతుది కావచ్చు, లేదా ఎవరో తరతరాలుగా మొక్కుకునే చోటు కావచ్చు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని డెవిల్స్ టవర్ సంగతే తీసుకోండి. లకోటాలతో పాటు చాలా ఆదివాసీ జాతులకు అది పవిత్రమైన చోటు. జూన్ నెలలో క్లైంబర్లు తమంతట తాము ఎక్కడం మానుకోవాలని 1995 నుంచి అక్కడి జాతీయ పార్కులను చూసే పార్క్ సర్వీస్ కోరుతోంది. నిషేధం కాదు, విన్నపం మాత్రమే. వ్యాపారంగా గైడింగ్ చేసేవాళ్లకు జూన్‌లో అనుమతులు ఆపబోతే 1996లో కోర్టు అడ్డుపడింది. విన్నపం మాత్రం నిలిచింది. ఇప్పుడు మీ గ్రూపులో "నో పాలిటిక్స్" బోర్డు ఉందనుకోండి. జూన్‌లో టవర్‌కి ట్రిప్ పెడదామని ఒకరంటారు. వద్దనేవాళ్లు నోరెత్తితే రూల్ తప్పినట్టు, వెళ్దామనేవాళ్లది మాత్రం మామూలు ప్లాన్. అంటే రూలే ఒక పక్షం తీసేసుకుంది, పైగా ఎవరికీ తెలియకుండా.

ఆస్ట్రేలియాలోని ఉలూరు మీదికి ఎక్కడం 2019 అక్టోబర్ 26 నుంచి పూర్తిగా ఆపేశారు. అక్కడ మాట్లాడుకోవడానికి ఇంకేం మిగల్లేదు, నిర్ణయం అయిపోయింది. ఇంకా నిర్ణయం కాని చోట్లే మీ గ్రూపుకి మాట అవసరం.

వెనక్కి వెళ్తే ఇంతకన్నా చేదు ఉదాహరణ ఉంది. జర్మన్, ఆస్ట్రియన్ క్లైంబర్ల ఉమ్మడి ఆల్పైన్ క్లబ్, యూదు సభ్యులు ఎక్కువగా ఉన్న డోనౌలాండ్ అనే విభాగాన్ని 1924లో బయటికి పంపేసింది. క్లబ్బులోకి రాజకీయం రానివ్వకూడదు అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఎవరు సభ్యులు, ఎవరు కాదు అని తేల్చడం కన్నా పెద్ద రాజకీయం లేదు.

కాబట్టి అన్నిటినీ ఒకే గంపలో వేయకుండా మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, రాతి రాజకీయం. దారి మూసేయడం, అనుమతులు, ఫీజులు, పక్షులు గూళ్లు పెట్టే కాలంలో గోడలు (నిలువు రాతి ముఖాలు) వదిలేయడం, తాడు తగిలించడానికి రాతిలో బోల్టులు కొట్టొచ్చా కూడదా, క్వారీ తవ్వకాలు, రూట్ల పేర్లు. ఇవన్నీ ఉండాల్సిందే. ఇందులో పార్టీల పేర్లు కూడా అవసరమైతే రావచ్చు. అమెరికాలో వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో, అంటే సహజంగానే వదిలేయాలని చట్టం చెప్పిన అడవుల్లో, రాతికి బిగించిన యాంకర్లను (తాడు కట్టుకునే ఆధారాలను) కట్టడి చేసే కొత్త ముసాయిదాలను 2023లో పార్క్ సర్వీస్, ఫారెస్ట్ సర్వీస్ తెచ్చాయి. క్లైంబర్లు రెండు పార్టీల ప్రతినిధుల చుట్టూ తిరిగారు. 2025 జనవరిలో చట్టమైన ఎక్స్‌ప్లోర్ యాక్ట్‌లో ఆ అంశానికి చోటు దొరికింది. ఒక పార్టీ వాళ్లను ముందే తరిమేసుకున్న గ్రూపు అలాంటి పని చేయలేదు. తలుపు తట్టడానికైనా అటువైపు మనిషి ఒకరు ఉండాలి కదా.

రెండో కుప్ప, సగం సగం. పోటీల్లో ఏ దేశం వాళ్లను ఆడనివ్వాలి, గోడ మీద జెండా కట్టొచ్చా లాంటివి. 2025 ఫిబ్రవరిలో అమెరికాలోని యోసెమిటీ పార్కులో ఎల్ కాపిటాన్ అనే పెద్ద రాతి గోడ మీద, పార్కు ఉద్యోగాల కోతకు నిరసనగా అమెరికా జెండాను తలకిందులుగా వేలాడదీశారు. అదే ఏడాది మేలో అదే గోడ మీద ట్రాన్స్ ప్రైడ్ జెండా కనిపించింది. తర్వాత పార్కు పెద్ద జెండాల మీద ఆంక్షలు పెట్టింది. ఇందులో "గోడ మీద ఏం వేలాడదీయొచ్చు" అన్నది క్లైంబర్ల ప్రశ్న. "ఆ నిరసన న్యాయమా" అన్నది కాదు. మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని ఆపండి. గీత ఎప్పుడూ శుభ్రంగా పడదు, పడకపోయినా ఫర్వాలేదు.

మూడో కుప్ప, ఉత్త పార్టీ గొడవ. ఎవరు గెలుస్తారు, ఏ నాయకుడు దొంగ, ఏ చానెల్ అబద్ధం చెప్తోంది. దీనికి గ్రూపులో చోటు లేదు.

ఏది ఏ కుప్పలోదో తేల్చడానికి నేను చెప్పే పరీక్ష ఒక్కటే. "ఈ మాటకి జవాబుగా మనలో ఒకరు ఫలానా తేదీలోపు ఫలానా పని చేయగలరా?" "అటవీ రేంజ్ ఆఫీసర్ 15వ తేదీలోపు అభ్యంతరాలు ఇవ్వమన్నారు, ఈ ప్రభుత్వ నిర్ణయం తప్పని నా అభిప్రాయం, ఉత్తరం రాద్దాం": రాజకీయమే, అయినా ఉండాలి. "ఈ ప్రభుత్వానికి అడవులంటే లెక్కే లేదు": దీనికి చేయగల పని ఏదీ లేదు, కోపం తెచ్చుకోవడం తప్ప. తీసేయండి, లేదా "సరే, ఏం చేద్దాం?" అని అడగండి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నకే గాలి దిగిపోతుంది.

ఇప్పుడు ఏర్పాటు సంగతి. ఒకే గ్రూపులో అన్నీ నడవడమే మీ గొడవలో సగానికి మూలం. కనీసం మూడుగా విడగొట్టండి.

హెచ్చరికలకు ఒకటి. అందులో చర్చ ఉండదు, ఎమోజీలు కూడా వద్దు. ప్రతి మెసేజ్‌లో ఐదు విషయాలు: చోటు, రూట్, ఎన్నో బోల్ట్ లేదా ఎన్నో పిచ్ (ఒక విడతలో తాడు మీద ఎక్కే భాగం), ఏం కనిపించింది, ఎవరు ఏ రోజు చూశారు. సందేహముంటే రాసినవాళ్లకు విడిగా ఫోన్ చేయాలి. రిపేరయ్యాక అదే మెసేజ్ కింద "సరిచేశాం, తేదీ" అని పెట్టాలి. ఇందులో అందరూ తప్పనిసరిగా ఉండాలి. మిగతా వాటి నుంచి విసిగి వెళ్లిపోయినవాళ్లు కూడా.

ప్లాన్లకు, సామానుకు రెండోది. ఎవరు వస్తున్నారు, ఎన్ని తాళ్లు, ఎవరి బండి. ఇక్కడ గొడవలు తక్కువ, కాబట్టి రూళ్లు కూడా తక్కువే చాలు.

మూడోది రాతి విషయాలకు, అంటే పైన చెప్పిన మొదటి కుప్పకు. ఇక్కడ మనిషికి ఒక అంశం మీద రోజుకు మూడు మెసేజ్‌లు మించకూడదని పెట్టండి. పిచ్చి రూల్‌లా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది. నలభై మెసేజ్‌ల గొడవని లెక్కేసి చూడండి, అందులో ముప్పై మెసేజ్‌లు ఇద్దరు మనుషులవే అయి ఉంటాయి.

"పార్టీ గొడవలకు నాలుగోది పెడితే పోలా?" అని మీ గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నా సలహా వద్దనే. దాన్ని చూసుకోవడానికి మనుషులు దొరకరు. పది పన్నెండు మంది అందులో రాత్రంతా కొట్టుకుని, పొద్దున అదే మొహాలతో రాతి దగ్గరికి వస్తారు. చెత్తకుండీ ఇంటి బయట ఉండాలి, వంటగది మూలన కాదు. పెట్టాల్సి వస్తే మాత్రం కోరి చేరేవాళ్లకే తెరవండి. వేడెక్కిన మెసేజ్‌ని మోడరేటర్ తీసుకెళ్లి అందులో వేయడం అసలే చేయకూడదు. "ఏంటది, ఎందుకు మార్చారు" అని చూడ్డానికే ఇంకో ఇరవై మంది చేరతారు.

గొడవ ఎలా పుడుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. నేను అల్లిన ఉదాహరణే, కానీ ఏ గ్రూపు చరిత్రలోకి తొంగిచూసినా దీని తోబుట్టువు కనిపిస్తుంది. ఇందులో హ్యాంగర్ అంటే బోల్టుకి బిగించిన, తాడు తగిలించే లోహపు పలక. క్రాక్ అంటే రాతి చీలిక, అందులో సొంత గేర్ ఇరికించి బోల్ట్ లేకుండానే ఎక్కొచ్చు.

"ఎడమ గోడ, మూడో రూట్, నాలుగో బోల్ట్ హ్యాంగర్ తిరుగుతోంది. నిన్న చూశా."

"పక్కనే అంత మంచి క్రాక్ ఉంటే అసలక్కడ బోల్ట్ ఎందుకు కొట్టినట్టు?"

"అందరికీ మీలా గేర్ కొనే స్తోమత ఉండదు సార్."

"స్తోమత సంగతి కాదు. పర్మిషన్ లేకుండా కొట్టారు. మీవాళ్లు వచ్చాక ఎవడికీ రూల్ లేకుండా పోయింది."

"మీవాళ్లు ఉన్నప్పుడు కొండకి కొండే క్వారీకి రాసిచ్చారుగా, అప్పుడేమైంది?"

ఐదు మెసేజ్‌లు. మామూలుగా పది నిమిషాల పని. ఆ తర్వాత ఇంకో ముప్పై వస్తాయి. తిరుగుతున్న హ్యాంగర్ పైకెక్కడికో పోయింది. దాన్ని ఎవరు చూస్తారన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. నిజానికి అక్కడ తేలాల్సింది చిన్న విషయం: నట్ వదులైందా, లేక బోల్టే రంధ్రంలో తిరుగుతోందా? నట్ అయితే స్పానర్‌తో బిగిస్తే సరిపోతుంది. 10 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 17 సైజు పడుతుంది. కానీ చేతిబలం చూపించకూడదు. తయారీదారు చెప్పిన టార్క్ (బిగింపు బలం) దాటితే బోల్ట్ సాగి బలహీనపడుతుంది. బోల్టే తిరుగుతుంటే బిగించడం కాదు, మార్చాలి. సముద్రం పక్క గోడ అయితే ఇంకా జాగ్రత్త. ఉప్పు వల్ల స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా పైకి మెరుస్తూనే లోపల పగులుతుంది. థాయ్‌లాండ్ తీరపు గోడల మీద టైటానియం బోల్టులు జిగురుతో దింపడం అందుకే మొదలైంది.

ఇందులో అడ్డుపడాల్సింది ఎక్కడ? చాలామంది మోడరేటర్లు నాలుగో మెసేజ్ దగ్గర, పార్టీ మాట కనిపించాక లేస్తారు. అప్పటికే ఆలస్యం. ఆపాల్సింది రెండో మెసేజ్ దగ్గర. ఆ మాట తప్పని కాదు, న్యాయమైన ప్రశ్నే. అది హెచ్చరిక కింద ఉండటమే తప్పు. "నాలుగో బోల్ట్ ఎవరు చూస్తారు? శనివారం లోపు చెప్పండి. క్రాక్ పక్కన బోల్ట్ ఉండాలా అన్నది రాతి విషయాల్లో పెట్టండి" అని రాస్తే చాలు. ఎవరినీ తిట్టలేదు, ఎవరి మాటా తీసేయలేదు.

ఇంకొకటి గమనించండి. మలుపు తిరిగింది మూడో మెసేజ్‌లో. అక్కడ పార్టీ లేదు, డబ్బు ఉంది. క్లైంబర్ల రాజకీయ గొడవల్లో చాలావాటి అడుగున ఉండేది పార్టీ కాదు, "అందరిదీ అయిన రాతి మీద ఎవరి మాట చెల్లాలి" అన్న తగువు. బోల్టులు కావాలనేవాళ్లు కొత్తవాళ్లకీ, గేర్ లేనివాళ్లకీ దారి తెరవాలంటారు. వద్దనేవాళ్లు రాతిని ఉన్నదున్నట్టు తర్వాతివాళ్లకి అప్పగించాలంటారు. రెండు పక్షాలకీ తర్కం ఉంది. ఈ తగువుకి నిర్ణయం జరిగే చోటు లేనప్పుడు అది ఎన్నికల మాటల్లోకి దూరి బయటపడుతుంది. కాబట్టి తగువును నొక్కేయకండి, తేలడానికి ఒక చోటు ఇవ్వండి.

అలాంటి చోటు లేకపోయినా, ఉన్నదాన్ని దాటి పోయినా ఏమవుతుందో చెప్పడానికి దక్షిణ అమెరికాలో పాటగోనియాలోని సెరో టోర్రే శిఖరం చాలు. 1970లో ఇటలీ క్లైంబర్ చేసారే మాయెస్త్రి పెట్రోల్‌తో నడిచే కంప్రెసర్‌ని గోడ మీదికి లాక్కెళ్లి వందల బోల్టులు కొట్టాడు. ఆ యంత్రం ఇప్పటికీ పైన వేలాడుతూనే ఉంది. 2012 జనవరిలో హేడెన్ కెన్నెడీ, జేసన్ క్రుక్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఆ బోల్టుల మీద పెద్దగా ఆధారపడకుండా ఎక్కి, దిగేటప్పుడు సుమారు 120 బోల్టులు పీకేశారు. గోడ మీద వాళ్ల నైపుణ్యాన్ని ఎవరూ కాదనలేదు. కానీ కింద ఎల్ చాల్తెన్ ఊళ్లో జనం మండిపడ్డారు, పోలీసులు వాళ్లను కాసేపు అదుపులోకి తీసుకున్నారు, ప్రపంచమంతా క్లైంబర్లు రెండుగా చీలిపోయారు. బోల్టులు కొట్టేటప్పుడు మాయెస్త్రి ఎవరినీ అడగలేదు, పీకేటప్పుడు వీళ్లూ అడగలేదు.

దానికి ముందు యోసెమిటీలో ఇంకోటి. వారెన్ హార్డింగ్, డీన్ కాల్డ్‌వెల్ అనే క్లైంబర్లు 1970లో ఎల్ కాపిటాన్ మీద డాన్ వాల్ అనే రూట్ ఎక్కినప్పుడు బోల్టులు మరీ ఎక్కువ కొట్టారని రాయల్ రాబిన్స్ అనే మరో పేరున్న క్లైంబర్‌కి కోపం. 1971లో వెళ్లి కింది పిచ్‌ల బోల్టులు నరకడం మొదలుపెట్టాడు. పైకి పోయేకొద్దీ హార్డింగ్ ఎంత కష్టమైన క్లైంబింగ్ చేశాడో కళ్లారా చూసి, నరకడం ఆపేసి, రూట్ పూర్తిచేసి దిగాడు. ముందు ఎక్కి చూసి తర్వాత తీర్పు చెప్పి ఉంటే ఆ కొన్ని బోల్టులూ మిగిలేవి.

అందుకే మీ గ్రూపుకి బోల్టుల నిర్ణయాలకు రాతలో ఒక వరస ఉండాలి. ప్రతిపాదన ఒక పేజీ దాటకూడదు: ఏ రూట్, ఏం మారుతుంది, భూమి ఎవరిది, అనుమతి ఉందా, ఎవరు చేస్తారు, ఖర్చెంత. ఆ రూట్ మొదట ఎక్కినవాళ్లు దొరికితే వాళ్ల మాట అడగాలి, కానీ వాళ్లదే ఆఖరి మాట కానక్కరలేదు. పద్నాలుగు రోజులు గడువు. ఓటు వేసే హక్కు ఏడాదిలో కనీసం ఒకసారి ఆ గోడ మీద ఎక్కినవాళ్లకే ఇవ్వండి, లేకపోతే ఓటు కోసం బంధువుల్ని గ్రూపులో చేర్చే మహానుభావులు పుడతారు. కొత్తగా కొట్టాలన్నా, ఉన్నది తీయాలన్నా మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. సగానికి ఒకటి ఎక్కువ అంటే ప్రతి మూడు నెలలకీ తిరగబడుతుంది, రాతిలో రంధ్రాలు మాత్రం పూడవు. పాడైపోయిన బోల్టు స్థానంలో కొత్తది వేయడానికి ఓటు వద్దు, అది మరమ్మతు. ఈ తేడాని ముందే రాసుకోకపోతే "మరమ్మతు" పేరుతో నాలుగు బోల్టులు ఆరవుతాయి.

రూట్ల పేర్ల గొడవకి కూడా ఇదే పద్ధతి, ఇంకాస్త తేలిగ్గా. ఒక జాతినో, ఆడవాళ్లనో కించపరిచే పేరుంటే పెట్టినవాళ్లకి మార్చుకునే అవకాశం ముందు ఇవ్వండి. నెల రోజుల్లో కదలిక లేకపోతే రూట్ నంబరుతో పిలవండి. అంతకుమించి దీని మీద సమయం పెట్టనక్కరలేదు.

మోడరేటర్ల గురించి. ముగ్గురు ఉండాలి, బేసి సంఖ్య కాబట్టి తేలుతుంది. ముగ్గురూ ఒకే పార్టీ అభిమానులు కాకుండా చూడండి. ఎవరి మొగ్గు ఎటో గ్రూపుకి ఎలాగూ తెలుసు, దాచకండి. ముఖ్యమైన రూల్: ఒక చర్చలో నోరు విప్పిన మోడరేటర్ ఆ చర్చలో చేయి వేయకూడదు, మిగతా ఇద్దరే చూడాలి. గ్రూపులు పగిలిపోవడానికి కారణం రూళ్లు కఠినంగా ఉండటం కాదు. మన వాడి మాటని వదిలేసి ఎదుటివాడి మాటని తీసేయడం. ఒక్కసారి అలా జరిగితే చాలు, స్క్రీన్‌షాట్ రెండేళ్లు తిరుగుతుంది.

మెసేజ్ తీసేస్తే ఏ రూల్ కింద తీశారో ఒక్క వాక్యంలో అక్కడే రాయండి. మొదటిసారి ఆ మాట చాలు. రెండోసారి ఒక రోజు మౌనం, మూడోసారి వారం, ఆపైన మూడు నెలలు. కానీ ఈ శిక్ష ఏదీ హెచ్చరికల గ్రూపుకి వర్తించకూడదు. అక్కడ చదివే హక్కు ఎవరికీ తీసేయకండి. ఎంత గొడవ పెట్టుకున్న మనిషైనా పగిలిన బోల్ట్ మీద వేలాడాలని ఎవరూ కోరుకోరు.

ఈ మెట్లు అభిప్రాయాల గొడవలకే. మనిషి పుట్టుకనో, మతాన్నో, ఆడా మగా అన్నదాన్నో పట్టుకుని తిట్టడం, బెదిరించడం రాజకీయ చర్చ కిందికి రాదు. దానికి మెట్లు లేవు, అదే రోజు బయటికి. "ఇరువైపులా తప్పుంది" అని సర్దుబాటు మాటలు ఇక్కడ మొదలుపెడితే తిట్లు పడినవాళ్లే ముందు వెళ్లిపోతారు. వెళ్తూ చెప్పరు కూడా.

ఇక ఆ ఇద్దరు సీనియర్ల సంగతి. మీరు దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు గానీ, నాకు అన్నిటికన్నా భయం పుట్టించింది అదే. గ్రూపులో గొడవ వల్ల మనసులు నొచ్చుకుంటాయి. తాడుకి చెరోవైపు ఉన్న ఇద్దరు మాట్లాడుకోకపోతే మనిషి పడతాడు.

ఎలాగో చెప్తాను. నేల మీద ఎక్కేముందు ఒకరినొకరు చూసుకునే తనిఖీ ఉంది కదా: నడుముకి కట్టుకునే హార్నెస్ బకిల్, తాడుకి వేసే ఎయిట్ (8 ఆకారపు) ముడి సరైన లూపుల్లోంచి వెళ్లిందా, ముడి చివర తోక చాలినంత ఉందా, బెలే పరికరంలో (పైవాళ్లు పడకుండా కిందివాళ్లు తాడు పట్టి ఆపేది) తాడు సరైన దిక్కున ఉందా, కారబినర్ (తాళం పడే కొక్కెం) లాక్ అయ్యిందా, తాడు రెండో కొసకి ముడి ఉందా. ఇది చేత్తో తాకి, పైకి చెప్పాల్సిన పని. మాటల్లేని జంట దీన్ని కంటితో కానిచ్చేస్తుంది. "ఆయనకి ఇరవై ఏళ్ల అనుభవం, నేను అడిగితే ఏమనుకుంటాడో" అన్న మొహమాటానికి కోపం తోడైతే ఆ కంటిచూపు కూడా ఉండదు.

అంతకన్నా ప్రమాదం పైన, యాంకర్ దగ్గర. ఎక్కినవాళ్లు తాడు మీదే కిందికి దించమంటారా, లేక తామే ర్యాపెల్ చేసి (తాడుని తామే జార్చుకుంటూ) దిగుతారా అన్నది నేల మీదే తేల్చుకోవాలి. తేల్చుకోలేదనుకోండి. పైన ఉన్నవాళ్లు ఏదో అరుస్తారు, గాలికి సగమే వినిపిస్తుంది, కిందివాళ్లు "ర్యాపెల్ చేస్తారేమో" అనుకుని బెలే తీసేస్తారు, పైవాళ్లు తాడు మీద బరువేసి వెనక్కి వాలతారు. క్లైంబింగ్‌లో ఇది పాత ప్రమాదం, బాగా అనుభవమున్నవాళ్లకి కూడా జరిగేదే. కారణం నైపుణ్యం లోపం కాదు, నాలుగు మాటల లోపం. గొడవలో ఉన్న జంట దగ్గర సరిగ్గా ఆ నాలుగు మాటలే కరువు.

కాబట్టి ఆ ఇద్దరినీ కలపాలని ఒకే తాడుకి కట్టకండి. "రాతి మీద అన్నీ మర్చిపోతారు" అనే సలహా ఎవరిచ్చినా పట్టించుకోవద్దు. ఇద్దరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: "ఆయన బెలే చేస్తే మీరు లీడ్ చేస్తారా, అంటే ముందుగా ఎక్కుతారా?" ఒక్కరు తటపటాయించినా ఆ జోడీ ఉండకూడదు. కారణం అడగొద్దు, ఎవరిది తప్పో తేల్చొద్దు, గ్రూపులో ప్రకటించొద్దు. ప్లాన్లు వేసేవాళ్లకి చెప్తే చాలు. బహిరంగంగా క్షమాపణ చెప్పించే ప్రయత్నం అసలు వద్దు. ఇద్దరికీ ముఖం చెల్లని పరిస్థితి తెస్తుంది తప్ప ఇంకేం రాదు. పని కలిపి ఇవ్వాలనుకుంటే నేల మీది పని ఇవ్వండి: గ్రూపు తాళ్లు, స్లింగ్‌ల (పట్టీల) తనిఖీ, ఏవి రిటైర్ చేయాలో జాబితా. దానికి రాజీ అక్కరలేదు, తాడు మీద చేయి పెట్టి నలిగిన చోటు వెతకడం ఒక్కటే కావాలి.

ఈ సీజన్‌కి అందరికీ ఒక అలవాటు చేయండి. తనిఖీ పైకి చెప్పడం, దిగే పద్ధతి నేల మీద చెప్పడం, ఆదేశానికి ముందు పేరు పిలవడం. తాడు బిగించమనడానికి "టేక్" అని కాదు, "ఫలానా, టేక్" అని. అందరికీ ఒకేలా పెడితే ఆ ఇద్దరి కోసం పెట్టినట్టు కనిపించదు.

బయటివాళ్ల విషయంలో ఒక మాట. అటవీ అధికారితోనో, భూమి యజమానితోనో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి, వీలైతే వేర్వేరు మొగ్గు ఉన్నవాళ్లు. ఉత్తరం ఒక పేజీ: ఎంతమంది ఎక్కుతారు, బండ్లు ఎక్కడ ఆపుతారు, చెత్త ఎవరు తీస్తారు, ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేస్తారు. పార్టీ కండువాలు, స్టిక్కర్లు ఇంటి దగ్గరే. మీ గ్రూపులో రాసినదేదీ గ్రూపులో ఆగదని కూడా అనుకోండి. భూమి యజమాని ఏ పార్టీ మనిషో మీకు తెలియకపోవచ్చు. ఆయన పార్టీని మీవాళ్లు తిట్టిన స్క్రీన్‌షాట్ ఆయనకు చేరిందంటే గేటుకి తాళం పడుతుంది, కారణం ఎప్పటికీ చెప్పరు.

మొదలుపెట్టే వరస ఇదీ. ఈ రాత్రి హెచ్చరికల గ్రూపు తెరిచి అందరినీ అందులో చేర్చండి, తిరుగుతున్న హ్యాంగర్లు, నలిగిన యాంకర్ల పాత మెసేజ్‌లన్నీ వెతికి అందులో పెట్టండి. ఈ వారంలో ముగ్గురు మోడరేటర్లు, సీనియర్లతో ఆ ఒక్క ప్రశ్న. వచ్చే రెండు వారాల్లో రూళ్ల ముసాయిదా, అర పేజీ మించకుండా. నెలాఖరుకి ఓటు. పోలింగ్‌కి రెండు వారాల ముందు నుంచి ఫలితాలు వచ్చిన వారం దాకా రాతి విషయాల గ్రూపులో మనిషికి రోజుకు ఒక్క మెసేజ్ అని తగ్గించండి. ఆ ఆంక్ష ఏ రోజు ఎత్తేస్తారో అది పెట్టిన రోజే తేదీతో సహా రాయండి. తేదీ రాయని తాత్కాలిక రూల్‌ని ఎవరూ ఎత్తేయరు, అదే తర్వాతి గొడవకి అంశమవుతుంది.